దుర్గం కన్నా ఎత్తుకు, రైల్లో

ఉదయగిరి మనిషికి కొండ ఎత్తు గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. తలెత్తితే ఎదురుగా దుర్గం ఉంటుంది. పాత గెజిటీర్లు దాని శిఖరాన్ని 3,079 అడుగులుగా, అంటే దాదాపు 938 మీటర్లుగా నమోదు చేశాయి. పైదాకా ఎక్కినవాళ్లకు ఆ అంకె మోకాళ్లలో గుర్తుంటుంది. 1513లో గజపతుల చేతిలో ఉన్న ఈ కోట మీదికి శ్రీకృష్ణదేవరాయలు దండెత్తి వచ్చాడు. గెలవడానికి ఏడాదిన్నర పట్టింది. కోటకు పోయే దారి ఎంత ఇరుకంటే మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలిగేవారని, రాయలు దాన్ని వెడల్పు చేయించి, ఇంకా కొన్ని దారులు వేయించాకే సైన్యం కోట దగ్గరికి చేరిందని గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాశాడు. కొండెక్కడానికి బలం కన్నా ముందు దారి కావాలని ఆ ముట్టడి తేల్చింది.

ఈ ఎత్తును మనసులో పెట్టుకుని ఇంకో అంకె చూడండి. విశాఖపట్నం నుంచి అరకు పోయే రైలు దారిలో శిమిలిగుడ అనే చిన్న స్టేషను ఉంది. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 996 మీటర్లు. మన దుర్గం కొన మీద నిలబడ్డ మనిషి కన్నా ఇంకో 58 మీటర్లు పైన ఆ ప్లాట్‌ఫారం ఉంటుంది. అక్కడికి ఎనభై ఏళ్ల అవ్వ కిటికీ పక్కన కూర్చుని, ఆయాసం లేకుండా చేరుతుంది. కాశ్మీరు లోయలో రైలు వచ్చేవరకు, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తయినదిగా పేరు దీనిదే.

పిల్లల్ని ఈ రైలెక్కించిన ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న పుడుతుంది. "నాయనా, మనం దుర్గం ఎక్కేదానికి అన్నిసార్లు ఆగి ఆగి పోతాం గదా, ఇంత బరువుండే రైలు ఎట్టా ఎక్కుద్ది?" చాలామంది తండ్రులు "ఇంజను లాగుద్దిరా" అని ఊరుకుంటారు. ఆ జవాబులో తప్పు లేదు గానీ, అసలు సంగతి అందులో లేదు. పిల్లవాడు అడిగింది మంచి ప్రశ్న. దానికి ఓపికగా జవాబు చెప్పాలి.

రైలు చక్రం ఉక్కు, పట్టా కూడా ఉక్కే. రెండూ నున్నగా, గట్టిగా ఉంటాయి. అంత పెద్ద చక్రం పట్టాను తాకే చోటు చిన్న నాణెం పాటి ఉంటుంది, అంతే. ఇందువల్ల ఒక మేలు, ఒక కీడు. మేలేమిటంటే చదునైన నేల మీద రైలు దొర్లడానికి చాలా తక్కువ బలం చాలు. నెమ్మదిగా పోయే బండిలో టన్ను బరువుకు రెండు మూడు కిలోల లాగుడు సరిపోతుంది. రోడ్డు మీద రబ్బరు చక్రాలతో పోయే లారీకి ఇంతకు ఎన్నో రెట్లు కావాలి. కీడేమిటంటే నున్నదనం వల్ల పట్టు తక్కువ. వాలు పెరిగితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, బండి కదలదు.

ఇప్పుడు వాలు లెక్క చూద్దాం. కొత్తవలస నుంచి అరకు వైపు వేసిన దారిలో గరిష్ఠ వాలు 60కి 1. అరవై మీటర్లు ముందుకు పోతే ఒక్క మీటరు పైకి లేస్తుందన్నమాట. చూస్తే అది వాలని కూడా తెలియదు. సైకిలు మీద పోయేవాడు కాస్త గట్టిగా తొక్కుతాడు. రైలుకు మాత్రం అది పెద్ద పరీక్ష. 500 టన్నుల బండిని తీసుకోండి. చదునులో దానికి టన్ను, టన్నున్నర లాగుడు చాలు. 60కి 1 వాలు మీద నేల దాన్ని వెనక్కి లాగే బలమే 500ను 60తో భాగిస్తే వచ్చేంత, అంటే ఎనిమిది టన్నుల పైచిలుకు. కంటికి ఆనని ఆ వాలు ఇంజను పనిని ఆరేడు రెట్లు పెంచేసింది. మైదానాల్లో మన రైల్వేలు 150కి 1, 200కి 1 వాలుతో సరిపెట్టుకునేది ఇందుకే. కొండ ప్రాంతాల్లోనూ మామూలుగా 100కి 1 దాకానే పోతారు. 60కి 1 అంటే తెగువ.

మరి వెయ్యి మీటర్లు ఎక్కడం ఎలా? అరవైకి ఒకటి చొప్పున వెయ్యి మీటర్లు లేవాలంటే దారి 60,000 మీటర్లు ఉండాలి. అంటే అరవై కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా బండి దాదాపు మైదానంలోనే పోతుంది. బొడ్డవర దాటాక కొండలు దగ్గరికి జరుగుతాయి. అక్కడి నుంచి శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ వరకు ఎక్కుడే ఎక్కుడు. ఈ భాగం పొడవు కూడా ఇంచుమించు ఆ లెక్కకే సరిపోతుంది. అంత పొడవు కొండకు తిన్నగా దొరకదు. అందుకే దారి కొండ నడుముకు చుట్టుకుంటూ, ఒక లోయ అంచున చాలా దూరం లోపలికి పోయి, వంతెన మీద అవతలి గట్టుకు దాటి, వచ్చిన వైపే మళ్లీ తిరుగుతుంది. కాసేపటి కింద మనం దాటిన పట్టాలు కింద లోయలో గీతలా కనిపిస్తాయి. పిల్లలకు ఇది చూపించాలి. దుర్గం మెట్లు ఎక్కే మనిషి ఎత్తును కాళ్లతో కొంటాడు. రైలు దాన్ని దూరంతో కొంటుంది.

చుట్టు తిరగడానికి కూడా హద్దుంది. వంపు మరీ బిగిస్తే చక్రాల అంచులు పట్టాకు ఒరుసుకుని అదనపు నిరోధం పుడుతుంది. అందుకే వంపు ఉన్నచోట వాలును ఇంకాస్త తగ్గించి పట్టా వేస్తారు. స్టేషనున్న చోట దారి దాదాపు చదునుగా ఉండాలి. లేకపోతే నిలబెట్టిన పెట్టెలు తమంతట తామే జారిపోతాయి. యార్డులో వాలు 400కి 1 మించకూడదన్నది రైల్వేలు సాధారణంగా పాటించే నియమం. కొండ మీద అంత పొడవు చదును నేల సంపాదించాలంటే రాతిని తొలచాల్సిందే. ఘాట్‌లో ఒక చిన్న స్టేషను చూసినప్పుడు ఇది గుర్తు పెట్టుకుంటే, నిర్మానుష్యంగా కనిపించే ఆ ప్లాట్‌ఫారం ఎంత కష్టార్జితమో అర్థమవుతుంది.

వంపులతో కుదరని చోట సొరంగం తవ్వారు. ఈ మార్గంలో 58 సొరంగాలు, 84 వంతెనలు ఉన్నాయని చెబుతారు. లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగిస్తే అరకు వచ్చేదాకా వాళ్లకు వేరే ఆట అక్కర్లేదు. సొరంగంలోకి బండి దూరగానే పెట్టె మొత్తం కేకలేస్తుంది. ఇది ఎవరూ నేర్పని ఆచారం, పెద్దవాళ్లూ గొంతు కలుపుతారు. కలపనివ్వండి.

పట్టు జారకుండా ఇంజను చేసే పని ఒకటి ఉంది. దాని చక్రాల ముందు సన్నని గొట్టాలు ఉంటాయి. వాన పడి పట్టా తడిసినప్పుడు, ఆకులు నలిగి జిగురైనప్పుడు, డ్రైవరు మీట నొక్కితే ఆ గొట్టాల్లోంచి పొడి ఇసుక పట్టా మీద పడుతుంది. చక్రం కింద ఇసుక నలిగి గరుకుతనం వస్తుంది, పట్టు చిక్కుతుంది. ఆవిరి ఇంజన్ల కాలం నాటి ఉపాయమిది. విద్యుత్ ఇంజన్లు వచ్చినా ఇసుక డబ్బా పోలేదు.

ఇంతవరకు చెప్పింది ఎలా ఎక్కుతుందన్నది. ఎందుకు ఎక్కుతుందన్న ప్రశ్న నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. అరకు చూడాలనుకునే కుటుంబాల కోసం ఈ దారి వేయలేదు. ఆ కొండల్లో బతికే గిరిజనుల రాకపోకల కోసమూ వేయలేదు. బస్తరులోని బైలదిల్లా కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. యుద్ధం తర్వాత ఉక్కు పరిశ్రమను తిరిగి నిలబెట్టుకుంటున్న జపానుకు ఆ ఖనిజం కావాలి. 1960లో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలంటే తూర్పు కనుమలను దాటాలి. దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు పేరుతో చేపట్టిన మూడు రైలు మార్గాల్లో కొత్తవలస–కిరండూల్ ఒకటి. రైల్వే వాళ్లు దాన్ని కేకే లైను అంటారు. పొడవు దాదాపు 445 కిలోమీటర్లు. 1960ల్లోనే పని పూర్తయింది. అడవి, మలేరియా, వానాకాలంలో విరిగిపడే కొండచరియలు, వీటన్నిటి నడుమ కూలీలు రాయి పగలగొట్టి వేసిన దారి ఇది. ఈ మార్గం గురించి చెప్పేటప్పుడు వాళ్లను తలుచుకోవడం మన బాధ్యత. 1980ల తొలి ఏళ్లలో విద్యుదీకరణ జరిగింది. ఆ దశాబ్దం చివర్లో జపాను నుంచి, స్వీడన్ నుంచి తెప్పించిన కొన్ని ఇంజన్లను వాల్తేరు షెడ్డులో ఉంచి ఈ ఘాట్ మీదే పని చేయించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఖనిజం నిండిన బండి కనుమ మీది నుంచి సముద్రం వైపు దిగుతుంది. పైకి ఎక్కేవి ఖాళీ వ్యాగన్లు. అరకు కొండల తూర్పు ముఖాన అంత నిటారు వాలును ఇంజనీర్లు ఒప్పుకోగలిగింది అందువల్లే. బరువు దిగే వైపు ఉంది కాబట్టి లాగే కష్టం తక్కువ, ఆపే కష్టం ఎక్కువ. వేల టన్నుల ఖనిజం వాలులో వేగం అందుకుంటే బ్రేకు దిమ్మెలు ఎర్రగా కాలిపోతాయి. అందుకే దిగే బండిలో ఇంజను మోటార్లనే జనరేటర్లుగా మార్చి, వాటి నిరోధంతో వేగాన్ని అదుపులో పెడతారు. బ్రేకు తప్పిన బండి ఇతర బండ్ల మీదికి పోకుండా, ఘాట్ మార్గాల్లో క్యాచ్ సైడింగు అనే ఎదురెక్కుడు పట్టా ఒకటి వేసి ఉంచుతారు. బండి దాని మీదికి మళ్లి, ఎక్కలేక, తనంతట తానే ఆగుతుంది. పైకి పోతున్నప్పుడు ఏదో స్టేషన్లో మన బండి చాలాసేపు నిలబడితే విసుక్కోకండి. ఎదురుగా ఖనిజం బండి దిగుతూ ఉండొచ్చు. దానికి దారి వదలడం న్యాయం కూడా. ఆ బండి లేకుంటే ఈ దారే లేదు.

ఇదే సూత్రాన్ని మన జిల్లాలో పెట్టి చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. ఉదయగిరి దుర్గం వెలిగొండల వరసలోది. అదే వరసను దక్షిణాన రాపూరు దగ్గర ఒక రైలు మార్గం దాటుతుంది. కృష్ణపట్నం రేవును కడప వైపు కలిపే ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను అది. అక్కడ రైలు కొండ ఎక్కలేదు. చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య 6.6 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తవ్వి అడ్డంగా దూరిపోయింది. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరు జిల్లా మనిషి వెంకయ్యనాయుడు దాన్ని ప్రారంభించినప్పుడు, దేశంలో విద్యుదీకరించిన రైలు సొరంగాల్లో అదే పొడవైనదని ప్రకటించారు. అరకు దగ్గర చుట్టు తిరిగిన రైల్వే, వెలిగొండల దగ్గర ఎందుకు తొలిచింది? కాలం మారింది, సొరంగం తవ్వే యంత్రాలు మెరుగయ్యాయి. అది సగం జవాబు. మిగతా సగం బరువు చెబుతుంది. రేవులో దిగిన బొగ్గు సముద్రం నుంచి లోపలికి, అంటే ఎక్కుడు వైపుకు పోవాలి. నిండు బండి ఎక్కాల్సి వచ్చినప్పుడు వాలు మీద ఖర్చు చేసే ప్రతి రూపాయీ ఏటేటా తిరిగి అడుగుతుంది. ఒక్కసారి కొండను తొలిచేస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

కొండ రైలు దారిని చూసి, ఏ బరువు ఎటు పోవడానికి దాన్ని వేశారో చెప్పొచ్చు. ఊటీ రైలు దీనికి మూడో ఉదాహరణ. అక్కడ మోయాల్సిన బరువు మనుషులే. వేసవిలో చల్లదనం వెతుక్కునే దొరల కోసం, తోటల యజమానుల కోసం వేసిన మీటర్‌గేజ్ దారి 1899లో కూనూరు చేరింది, 1908లో ఊటీ అందుకుంది. మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల దారి, 326 మీటర్ల నుంచి 2,200 మీటర్ల దాకా. చుట్టు తిరిగే చోటు లేక, అక్కడ దాదాపు 12కి 1 వాలు పెట్టారు. ఆ వాలు మీద నున్నటి చక్రం నిలవదు. అందుకని రెండు పట్టాల నడుమ పళ్ల పట్టీ వేశారు. ఇంజను కింద పళ్ల చక్రం ఆ పట్టీని పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను వెనక ఉండి పెట్టెల్ని తోస్తుంది, ఏ పెట్టె ఊడినా కిందికి జారకుండా. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నెల్లూరు నుంచి చెన్నై దగ్గర కాబట్టి మన వైపు కుటుంబాలు ఊటీకీ పోతుంటాయి. బొమ్మలాంటి ఆ బండి అందం వేరు. రైలు అసలు స్వభావంతో, పళ్ల పట్టీ సాయం లేకుండా, వట్టి పట్టుతోనే ఇంత ఎత్తుకు ఎక్కడం చూడాలంటే మాత్రం అరకు దారే చూడాలి. నా ఓటు దానికే.

పోయేవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. ఉదయగిరి వాళ్లకైనా ఆత్మకూరు వాళ్లకైనా ముందు బస్సే. నెల్లూరో కావలో చేరి రైలెక్కాలి. నెల్లూరు నుంచి విశాఖ ఆరు వందల కిలోమీటర్ల దూరం, ఒక రాత్రి ప్రయాణం. అరకు మీదుగా పోయే పగటి కిరండూల్ బండి విశాఖలో పొద్దున్నే, ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. తెల్లవారుజామున దిగి దాన్ని అందుకుందామని లెక్క వేసుకోకండి. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబమైతే ఒక రాత్రి విశాఖలో ఆగడం మేలు. నాలుగు గంటల ప్రయాణం కాబట్టి పులిహోరో చపాతీలో కట్టుకుని పోండి. కిరండూల్‌కు రాత్రి బండి కూడా ఉంది. చీకట్లో కొండెక్కి ఏం చూస్తాం?

2017 ఏప్రిల్‌లో పగటి బండికి అద్దాల పెట్టె తగిలించారు. విస్టాడోమ్ అంటారు. పైకప్పులో అద్దాలు, పక్కలకు తిప్పుకునే కుర్చీలు, ఏసీ. అవ్వాతాతలకు అది సుఖం. పిల్లల్ని మాత్రం ఒక దారన్నా మామూలు పెట్టెలో కూర్చోబెట్టాలని నా అభిప్రాయం. సొరంగంలోంచి వచ్చే చల్లగాలి, తడి రాతి వాసన, వంపు తిరిగేటప్పుడు చక్రం చేసే కీచు చప్పుడు, ఇవన్నీ అద్దం అవతల ఉండిపోతాయి. పైగా మామూలు పెట్టెలో ఆ కొండల మనుషులు కనిపిస్తారు. కట్టెలు, కాయలు, సంత సరుకులతో ఎక్కి దిగే గిరిజనులకు ఇది రోజువారీ బండి. సెలవుల్లో వచ్చిన మనం వాళ్ల సీట్లు ఆక్రమించి, అడగకుండా ఫొటోలు తీసి, ప్లాస్టిక్ సీసాలు లోయలోకి విసరడం సిగ్గుచేటు. ఇంకొకటి, గట్టిగా చెప్పాల్సింది: తలుపు దగ్గర వేలాడవద్దు. సొరంగం గోడకూ పెట్టెకూ మధ్య ఎడం తక్కువ. సెల్ఫీ కోసం చెయ్యి బయట పెట్టేవాళ్లను ఆపడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదు.

కాలం సంగతి. వానల్లో కొండ పచ్చగా, జలపాతాలతో ఉంటుంది గానీ, చరియలు విరిగి పట్టా మీద బండలు పడితే బండి ఆగిపోతుంది. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా మంచిది. నవంబరు, డిసెంబరుల్లో లోయంతా వలిసె పూలు పసుపు పరుస్తాయి. బొర్రా గుహల స్టేషన్లో దిగితే గుహలు దగ్గరే. సున్నపురాతిని గోస్తనీ నీళ్లు తొలిచి చేసిన గుహలవి.

మన పడమటి మండలాలకు రైలు రాకపోవడం పాత వెలితి. నడికుడి–శ్రీకాళహస్తి మార్గం దాదాపు 309 కిలోమీటర్లు. పల్నాడు, ప్రకాశం దాటి వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా పోయేలా 2011–12లో మంజూరైంది. పని ముక్కలు ముక్కలుగా సాగుతోంది. అది పూర్తయితే ఉదయగిరి కుటుంబం రైలు కోసం నెల్లూరు దాకా పోవాల్సిన పని ఉండదు. భూమి ఇచ్చిన రైతులూ, ఎదురుచూస్తున్న ప్రయాణికులూ దీని గురించి ప్రజాప్రతినిధులను అడుగుతూనే ఉండాలి.

ఈలోగా, దుర్గం ఎక్కగలిగిన వయసులో ఉన్న పిల్లల్ని ముందు దుర్గం ఎక్కించండి. ఆ తర్వాత అరకు తీసుకుపోండి. ఎక్కేటప్పుడు పగటి రైలు, దిగేటప్పుడు తొందరుంటే అనంతగిరి ఘాట్ మీదుగా బస్సు.